జీపీఆర్ సిమ్యులేషన్ అసలు ట్రేస్‌తో ఎందుకు కలవడం లేదు? యాంటెన్నాను కూడా మోడల్ చేయాలా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇది. జీపీఆర్ (రేడియో పల్స్ లోపలికి పంపి, తిరిగి వచ్చేదాన్ని రికార్డు చేసే రాడార్) పరికరం, అందులో 1.5 గిగాహెర్ట్జ్ షీల్డెడ్ యాంటెన్నా, దానితో కాంక్రీట్ స్లాబ్ మీద తీసిన ట్రేస్‌లు (సమయంతో సిగ్నల్ ఎలా మారిందో చూపే గీతలు) మీ దగ్గర ఉన్నాయి. అదే స్లాబ్‌ను జీపీఆర్‌మ్యాక్స్ అనే సిమ్యులేషన్ ప్రోగ్రామ్‌లో హెర్ట్జియన్ డైపోల్ (చుక్కలాంటి ఊహా యాంటెన్నా), రికర్ పల్స్ (మధ్యలో శిఖరం, అటూ ఇటూ ఒక్కో లోయ ఉండే చిన్న తరంగం) పెట్టి సిమ్యులేట్ చేశారు. లోపలి ఇనుప కడ్డీ తాలూకు హైపర్‌బోలా (స్కాన్‌లో కడ్డీ కనిపించే వంపు గీత) రావాల్సిన చోటే వచ్చింది. కానీ అసలు ట్రేస్‌లో మొదటి పల్స్ వెనకాల తోకలా ఒక ఊగిసలాట సాగుతోంది, సిమ్యులేషన్‌లో అది లేదు. కాంక్రీట్ పర్మిటివిటీ (అందులో తరంగం వేగాన్ని నిర్ణయించే గుణం), కండక్టివిటీ ఎంత మార్చినా కలవడం లేదు. యాంటెన్నాను కూడా మోడల్ చేయాలా, చేయాలంటే లోపల ఏముందో కంపెనీ చెప్పనప్పుడు ఎలా అని అడిగారు. 2డీ సరిపోతుందా అని కూడా అడిగారు.

ముందు కాంక్రీట్ విలువలు మార్చడం ఇవాళ్టితో ఆపేయండి. ఆ తోక కాంక్రీట్‌ది కాదు, యాంటెన్నాదే అని నా అనుమానం. తేల్చుకోవడానికి పది నిమిషాలు చాలు. యాంటెన్నాను స్లాబ్ మీంచి తీసి ఒక మందపాటి థర్మోకోల్ దిమ్మ మీద పైకి చూసేలా పెట్టండి. ఎదురుగా, పక్కల కనీసం ఒకటిన్నర మీటరు దాకా ఏమీ ఉండకూడదు. మీరు కూడా దూరంగా జరగండి. గాలిలో ఒకటిన్నర మీటరు వెళ్లి రావడానికి 10 నానోసెకన్లు పడుతుంది కాబట్టి అంతవరకు ట్రేస్‌లో కనిపించేదంతా ఆ పెట్టె సొంత సొత్తే. గెయిన్ (సిగ్నల్‌ను పెంచి చూపే సెట్టింగ్) పూర్తిగా ఆపి, అవే సెట్టింగ్స్‌తో ఒక ట్రేస్ తీయండి. తోక అక్కడా ఉంటే కాంక్రీట్‌ను నిందించి లాభం లేదు.

ఇది నేనేదో తెలివిగా కనిపెట్టిన చిట్కా కాదు. మొదట్లో ఒక స్లాబ్ డేటా మీద మూడు వారాలు పోగొట్టుకున్నాను. మూడో నానోసెకను దగ్గర ట్రేస్‌లో చిన్న గుబ్బ వచ్చేది. స్లాబ్ అడుగు నుంచి వచ్చే రిఫ్లెక్షన్ అనుకున్నాను. మందం మార్చాను, తేమ పెంచాను, చివరికి అడుగున ఒక తడి పొర కల్పించాను. ఆ లేని పొరతో రెండు కర్వ్‌లూ అద్దినట్టు కలిశాయి. సంబరంగా రిపోర్ట్ కూడా రాసుకున్నాను. ఒకరోజు కేబుల్ సర్దుతూ యాంటెన్నాను పక్కకి పడుకోబెట్టి, రికార్డింగ్ ఆపడం మర్చిపోయాను. అది ఖాళీ గాలిలోకి చూస్తోంది, స్క్రీన్ మీద మూడో నానోసెకను దగ్గర అదే గుబ్బ. ఆ రిపోర్ట్ ఎవరికీ పంపకముందే తెలిసింది, అదొక్కటే అదృష్టం.

హెర్ట్జియన్ డైపోల్ అంటే సిమ్యులేషన్ గ్రిడ్‌లో, అంటే స్థలాన్ని చిన్న సెల్స్‌గా విడగొట్టిన గళ్లలో, ఒక ఎడ్జ్ (సెల్ అంచు) మీద మనం బలవంతంగా తోసే కరెంట్. దానికి పొడవు లేదు, ఇంపెడెన్స్ లేదు, చుట్టూ పెట్టె లేదు. కింద గాలి ఉన్నా, కాంక్రీట్ ఉన్నా, తడి బంకమట్టి ఉన్నా ఆ కరెంట్ మారదు. నిజమైన యాంటెన్నా అలా ఊరుకోదు. బౌ-టై (మొనలు ఎదురెదురుగా ఉన్న రెండు త్రిభుజాల యాంటెన్నా) రేకుల్లో ఎంత కరెంట్ పారాలో, ఏ ఫ్రీక్వెన్సీ దగ్గర ఎక్కువ పారాలో కింద ఉన్న పదార్థం కూడా నిర్ణయిస్తుంది. నేలకు ఆనించగానే ఇన్‌పుట్ ఇంపెడెన్స్ మారుతుంది, సెంటర్ ఫ్రీక్వెన్సీ కిందికి జారుతుంది. పెట్టె మీద 1.5 గిగాహెర్ట్జ్ అని రాసి ఉన్నా స్లాబ్‌లోకి వెళ్లే పల్స్ శిఖరం అంతకన్నా తక్కువ దగ్గర ఉండటం మామూలే. యాంటెన్నా, నేల కలిసి ఒకటే సర్క్యూట్ అనుకోండి. అందులో సగాన్ని తీసేసి, మిగిలిన సగాన్ని మెలితిప్పి జవాబు రాబట్టాలని చూస్తున్నారు మీరు.

ఇంకో చిన్న మెలిక ఉంది. డైపోల్‌లోకి మీరు పంపేది కరెంట్. దూరంగా వచ్చే ఫీల్డ్ ఆ కరెంట్ ఎంత వేగంగా మారుతోందో దాన్ని బట్టి ఉంటుంది, అంటే కరెంట్ టైమ్ డెరివేటివ్. రికర్ ఇచ్చి రికర్ వస్తుందని ఎదురుచూసేవాళ్లు చాలామంది. వచ్చేది ఇంకొక లోబ్ ఎక్కువున్న ఆకారం. రెండు ట్రేస్‌లను పక్కపక్కన పెట్టి శిఖరాలు లెక్కపెట్టేటప్పుడు ఇది గుర్తుంచుకోండి.

అలాగని డైపోల్ పనికిరాదని కాదు. కడ్డీ ఎక్కడుంది, హైపర్‌బోలా వంపు నుంచి వేగం ఎంత అన్నదే మీ ప్రశ్న అయితే, టార్గెట్ రెండు మూడు తరంగదైర్ఘ్యాల కన్నా లోతుగా ఉంటే డైపోల్ చాలు. యాంటెన్నా మోడల్ మీద నెలలు పెట్టడం దండగ. ఆంప్లిట్యూడ్‌ను బట్టి తేమ లెక్కగట్టాలన్నా, పైపైన ఉన్న పల్చటి పొర మందం కావాలన్నా, ఫుల్ వేవ్‌ఫామ్ ఇన్వర్షన్ (మొత్తం ట్రేస్ కలిసేదాకా పదార్థం విలువలు వెతకడం) చేయాలన్నా యాంటెన్నా లేకుండా కుదరదు. సిమ్యులేషన్ డేటాతో న్యూరల్ నెట్‌వర్క్‌కు ట్రైనింగ్ ఇవ్వాలనుకునేవాళ్లూ ఇదే జాబితాలోకి వస్తారు. శుభ్రమైన డైపోల్ ట్రేస్‌లతో నేర్పిన నెట్‌వర్క్ అసలు స్కాన్‌లో మొదటి తోక కనిపించగానే దాన్ని పొర అనేస్తుంది, నేను అన్నట్టే.

ఇక పెట్టె లోపలికి వద్దాం. హై ఫ్రీక్వెన్సీ షీల్డెడ్ యాంటెన్నాల్లో సాధారణంగా ఉండేవి: సర్క్యూట్ బోర్డు మీద రెండు బౌ-టైలు, ఒకటి పంపడానికి, ఒకటి అందుకోవడానికి, వాటి పైన, చుట్టూ లోహపు డబ్బా, డబ్బా లోపల నల్లటి స్పాంజిలా ఉండే అబ్సార్బర్, రెంటి మధ్య లోహపు అడ్డు, అడుగున నేలకు రాసుకునే ప్లాస్టిక్ పలక. తోక పుట్టేది ఇక్కడే. పల్స్ ఫీడ్ (రేకులకు కరెంట్ అందే చోటు) దగ్గర బయల్దేరి రేకు కొస దాకా వెళ్లి వెనక్కి వస్తుంది, మళ్లీ వెళ్తుంది. పైకి వెళ్లినది డబ్బా కప్పుకు తగిలి దిగుతుంది. దీన్ని చంపడానికే అబ్సార్బర్ పెడతారు, కొన్ని డిజైన్లలో రేకు పొడవునా రెసిస్టెన్స్ పెంచుకుంటూ పోతారు. ఆ రెసిస్టెన్స్ ఎలా పెరగాలో వూ, కింగ్ అనే పరిశోధకులు 1965లోనే లెక్క కట్టారు. రెసిస్టెన్స్ ఎక్కువైతే తోక తగ్గుతుంది, దాంతోపాటు బయటికి వెళ్లే శక్తీ తగ్గుతుంది. అందుకే ఏ డిజైనర్ అయినా కాస్త తోకను భరిస్తాడు.

మీరు వాడుతున్న జీపీఆర్‌మ్యాక్స్‌లో ఈ కష్టం కొంత ముందే తీర్చి పెట్టారు. జియానోపులోస్ 1996లో మొదలుపెట్టిన ఈ ప్రోగ్రామ్‌ను తర్వాత ఎడిన్‌బరో యూనివర్సిటీలో క్రెగ్ వారెన్‌తో కలిసి పైథాన్‌లోకి మార్చారు. దాని యాంటెన్నా లైబ్రరీలో జీఎస్ఎస్ఐ 1.5 గిగాహెర్ట్జ్, మాలా 1.2 గిగాహెర్ట్జ్ యాంటెన్నాల 'లాంటి' మోడల్స్ ఉన్నాయి. ఆ 'లాంటి' అన్న మాట ఫంక్షన్ పేరులోనే ఉంటుంది, దాన్ని తేలిగ్గా తీసుకోవద్దు. మీ చేతిలో ఉన్న యూనిట్‌కూ దానికీ పల్సర్ (పల్స్ పుట్టించే సర్క్యూట్) తేడా ఉండొచ్చు, అబ్సార్బర్ వేరే రకం కావచ్చు. మొదలుపెట్టడానికి మంచి చోటు, అంతే. ఆ మోడల్స్ 1 మి.మీ. లేదా 2 మి.మీ. సెల్స్‌కే రాసినవి. రాజీగా 1.5 పెడదాం అంటే కుదరదు.

సెల్ సైజు సంగతి ఇక్కడే తేలుస్తాను. మామూలు లెక్క ప్రకారం అతి చిన్న తరంగదైర్ఘ్యంలో పదో వంతు. 1.5 గిగాహెర్ట్జ్ రికర్‌లో చెప్పుకోదగ్గ శక్తి 4 గిగాహెర్ట్జ్ దాకా ఉంటుంది. పర్మిటివిటీ 6 ఉన్న కాంక్రీట్‌లో వేగం నానోసెకనుకు 12 సెం.మీ. పైచిలుకు, అంటే 4 గిగాహెర్ట్జ్ దగ్గర తరంగదైర్ఘ్యం సుమారు 3 సెం.మీ. పదో వంతు 3 మి.మీ. కాంక్రీట్ ఒక్కటే అయితే ఇది చాలు. యాంటెన్నా రాగానే లెక్క మారిపోతుంది, ఎందుకంటే ఫీడ్ గ్యాప్, రేకు ఏటవాలు అంచు, డబ్బాకు రేకుకు మధ్య సందు, ఇవన్నీ మిల్లీమీటర్ల లెక్క. కాబట్టి 1 మి.మీ. తప్పదు. 30 సెం.మీ. పొడవు, 30 వెడల్పు, 20 ఎత్తు ఉన్న డొమైన్‌లో 1.8 కోట్ల సెల్స్ అవుతాయి. 3డీలో స్టెబిలిటీ షరతు ప్రకారం టైమ్ స్టెప్ 1.93 పికోసెకన్లు, 8 నానోసెకన్ల ట్రేస్‌కు సుమారు 4,150 స్టెప్పులు. మీ మెషీన్ సెకనుకు పది కోట్ల సెల్స్ అప్‌డేట్ చేయగలిగితే ఒక ట్రేస్‌కు పన్నెండు నిమిషాలు. 60 ట్రేస్‌ల బీ-స్కాన్‌కు (ట్రేస్‌లు పక్కపక్కన పేర్చిన చిత్రం) పన్నెండు గంటలు. ఎన్విడియా కార్డు ఉంటే జీపీయూ మీద నడపండి, అక్కడ వేగం చాలా ఎక్కువ. సెల్‌ను ఇంకా సగానికి తగ్గించాలని ఉబలాటపడితే మెమరీ 8 రెట్లు, సమయం 16 రెట్లు అవుతుందని ముందే లెక్క వేసుకోండి.

సొంతంగా మోడల్ కట్టేవాళ్లు ఎక్కువగా పడే గుంట ఫీడ్ దగ్గర ఉంటుంది. 1966లో యీ (Yee) అనే పరిశోధకుడు చెప్పిన గ్రిడ్‌లో ఎలక్ట్రిక్ ఫీల్డ్ సెల్ మధ్యలో ఉండదు, సెల్ అంచుల మీద ఉంటుంది. రెండు రేకుల మధ్య మీరు వదిలిన గ్యాప్ ఒక్క అంచు అనుకోండి. ఆ అంచు మీద వోల్టేజ్ సోర్స్ పెట్టారు. తర్వాత బోర్డునో, రేకునో ఇన్‌పుట్ ఫైల్‌లో కింద రాశారు. జీపీఆర్‌మ్యాక్స్‌లో తర్వాత రాసింది ముందు రాసినదాన్ని చెరిపేస్తుంది. రేకు ఒక్క సెల్ ఎక్కువ వచ్చి ఆ అంచును కూడా పర్ఫెక్ట్ కండక్టర్‌గా మార్చేస్తే సోర్స్ షార్ట్ అయినట్టే. ప్రోగ్రామ్ ఎర్రర్ ఏమీ చూపదు, బుద్ధిగా నడుస్తుంది, రిసీవర్‌లో సున్నాలు వస్తాయి. నాకు ఒకసారి సున్నాలు కూడా రాలేదు, బలహీనమైన తరంగం ఒకటి వచ్చింది. రిసీవర్ వైపు గ్యాప్ బాగుంది, పంపే వైపు రేకు ఒక మూల మాత్రమే తగిలింది. రెండు రోజులు పట్టింది. అప్పటినుంచి ఏ యాంటెన్నా మోడల్ అయినా నడిపే ముందు జామెట్రీ ఫైల్‌ను వోక్సెల్‌గా (సెల్ మొత్తం ఒక దిమ్మగా) కాకుండా ఎడ్జ్‌ల వివరంతో రాయించి, పారావ్యూ అనే 3డీ బొమ్మల సాఫ్ట్‌వేర్‌లో తెరిచి, ఫీడ్ దగ్గరికి జూమ్ చేసి ఒక్కో అంచు ఏ మెటీరియలో చూసుకుంటాను. వోక్సెల్ వ్యూలో పల్చటి రేకులు కనిపించవు, ఆ తప్పు దొరకదు.

అలాగే బోర్డు, అబ్సార్బర్ కలిసే చోట డైఎలెక్ట్రిక్ స్మూతింగ్ ఆన్‌లో ఉందో లేదో చూడండి. అది పక్కపక్క మెటీరియల్స్‌ను సగటు చేసేస్తుంది. ఒక్క సెల్ మందం ఉన్న బోర్డులో ఆ సగటు ప్రభావం చిన్నది కాదు. డొమైన్ చివర్ల పీఎంఎల్‌కు (బయటికి వెళ్లే తరంగాలను పీల్చుకునే సరిహద్దు పొర), డబ్బాకు మధ్య 15 సెల్స్ కన్నా తక్కువ వదలొద్దు. కుదిరితే ఇంకా ఎక్కువే ఇవ్వండి, నియర్ ఫీల్డ్‌ను పీఎంఎల్ బాగా పీల్చుకోదు.

సోర్స్‌ను రెసిస్టెన్స్ ఉన్న వోల్టేజ్ సోర్స్‌గానే పెట్టండి, రిసీవర్ గ్యాప్‌లో కూడా ఒక రెసిస్టెన్స్ ఉంచండి. రెసిస్టెన్స్ సున్నా ఇస్తే రేకు మీద తిరిగి వచ్చిన పల్స్‌కు పోయే దారి ఉండదు, తోక అసలుకన్నా పొడుగవుతుంది.

ఇప్పుడు అసలు చిక్కుముడి, అంటే కంపెనీ చెప్పని విలువలు. డబ్బా కొలతలు టేప్‌తో కొలవొచ్చు. రెండు బౌ-టైల మధ్య దూరం చాలాసార్లు మాన్యువల్‌లోనే ఉంటుంది. విప్పి చూడాలనిపిస్తుంది గానీ వద్దు. వారంటీ సంగతి అటుంచి, మళ్లీ మూశాక అబ్సార్బర్ పాత చోటులో కూర్చోకపోతే అది వేరే యాంటెన్నా అయిపోతుంది. మిగిలిన తెలియనివి నాలుగు: పల్స్ ఆకారం లేదా ఫ్రీక్వెన్సీ, సోర్స్ రెసిస్టెన్స్, అబ్సార్బర్ పర్మిటివిటీ, అబ్సార్బర్ కండక్టివిటీ. వీటిని అంచనా వేయడానికి కావలసింది మొదట్లో తీయమన్న గాలి ట్రేస్. అందులో ట్రాన్స్‌మిటర్ నుంచి రిసీవర్‌కు నేరుగా వచ్చే క్రాస్‌టాక్ తప్ప ఏమీ ఉండదు. కాంక్రీట్ అనే తెలియని వస్తువు బొమ్మలోనే లేదు.

నాలుగు విలువలకు మూడేసి స్థాయిలు అనుకుంటే అన్ని కలయికలూ నడపడానికి 81 సిమ్యులేషన్లు కావాలి. టగూచి పద్ధతిలో ఎల్9 అనే ఆర్థోగోనల్ అర్రే (ప్రతి విలువ స్థాయీ సమానంగా వచ్చేలా ఎంచిన కొద్ది కలయికల పట్టిక) వాడితే ఒక విడతకు 9 చాలు. ఆ తొమ్మిదింటి నుంచి ఒక్కో విలువకు ఏ స్థాయి మేలో తేల్చి, దాని చుట్టూ పరిధిని కుదించి మళ్లీ 9. వారెన్, జియానోపులోస్ 2011లో ఆ రెండు వాణిజ్య యాంటెన్నాల మోడల్స్‌ను తయారుచేసింది ఈ దారిలోనే. పార్టికల్ స్వార్మ్ లాంటి వెతుకులాట పద్ధతులు వాడినా తప్పు లేదు, కాకపోతే ఒక్కో రన్ పన్నెండు నిమిషాలు తినేటప్పుడు పొదుపు చూసుకోవాలి. కాంక్రీట్ లేదు కాబట్టి డొమైన్ చిన్నది చేసుకోవచ్చు, 2 మి.మీ. సెల్‌తో మొదటి విడతలు నడిపి చివర్లో 1 మి.మీ.కి వెళ్లొచ్చు.

ఏది కలిసిందో దేనితో కొలుస్తారన్నది జాగ్రత్తగా ఎంచుకోండి. అందరూ క్రాస్ కోరిలేషన్ వాడతారు. అది ఆకారాన్ని చూస్తుంది, సైజును పట్టించుకోదు. మొదటి శిఖరం చాలా పెద్దది కాబట్టి అది ఒక్కటి కలిస్తే కోరిలేషన్ 0.95 దాటిపోతుంది, తోక మాత్రం ఎటో పోతుంది. మీకు కావాల్సిందేమో తోక. నేను ట్రేస్‌ను రెండు ముక్కలు చేసి, తోక ముక్కకు విడిగా స్కోరు ఇస్తాను. పరికరం ఇచ్చే అంకెలు వోల్టులు కావు, కాబట్టి రెండు ట్రేస్‌లనూ క్రాస్‌టాక్ శిఖరంతో భాగించి పోల్చండి. పరికరం లోపల హై-పాస్ ఫిల్టర్ నడుస్తుంటే సిమ్యులేషన్ ట్రేస్‌కూ అదే ఫిల్టర్ వేయాలి. ఈ ఒక్కటి మర్చిపోయి అబ్సార్బర్‌ను తిట్టుకున్నవాళ్లను చూశాను.

గాలిలో కలిసిందని పండగ చేసుకోవద్దు. సోర్స్ రెసిస్టెన్స్, అబ్సార్బర్ కండక్టివిటీ రెండూ తోకను తగ్గించేవే, ఒకటి తగ్గించి ఇంకొకటి పెంచినా దాదాపు అదే ట్రేస్ వస్తుంది. వాటిని విడదీయాలంటే ఇంకో పరీక్ష కావాలి. ఒక పెద్ద అల్యూమినియం రేకును ఎదురుగా 30 సెం.మీ. దూరంలో పెట్టండి. రిఫ్లెక్షన్ 2 నానోసెకన్ల దగ్గర వస్తుంది. తర్వాత 20, తర్వాత 10. ఈ మూడు ట్రేస్‌లు ఎలా ఉంటాయో మీ మోడల్, ఏ విలువా మళ్లీ సర్దకుండానే, చెప్పగలగాలి. దగ్గరైన కొద్దీ ఆ అల్యూమినియం రేకు యాంటెన్నా కరెంట్‌నే మార్చేస్తుంది, కాబట్టి 10 సెం.మీ. ట్రేసే కఠినమైన పరీక్ష. ఆ తర్వాత నష్టం ఉన్న పదార్థం ఏదైనా. వారెన్, జియానోపులోస్ నూనె, నీళ్లు కలిపిన ఎమల్షన్లు వాడారు, పర్మిటివిటీ, కండక్టివిటీ తమ చేతిలో ఉంటాయని. అంత ఓపిక లేకపోతే పొడి ఇసుక లోతుగా పోసిన తొట్టె చాలు.

ఇవన్నీ దాటాకే స్లాబ్ దగ్గరికి రండి. అప్పుడు మీ చేతిలో మార్చడానికి మిగిలేవి కాంక్రీట్ విలువలు మాత్రమే, అవి మారితే దానికో అర్థం ఉంటుంది. అక్కడ కూడా కండక్టివిటీ అనే ఒక్క అంకెతో నష్టాన్నంతా లాగించాలని చూడకండి. 1.5 గిగాహెర్ట్జ్ దగ్గర ఉప్పు లేని నీటిలోనే మారే ఫీల్డ్‌ను మాలిక్యూల్స్ అందుకోలేక వెనకబడటం వల్ల వచ్చే నష్టం మీటరుకు దాదాపు 0.5 సీమెన్స్ కండక్టివిటీతో సమానం. స్లాబ్ తడిగా ఉంటే ఒక డెబై పోల్ (ఆ వెనకబాటును ఫ్రీక్వెన్సీతో పాటు లెక్కలోకి తెచ్చే సూత్రం) పెట్టండి, హై ఫ్రీక్వెన్సీ ఎందుకు అంత త్వరగా అరిగిపోతోందో అప్పుడు కనిపిస్తుంది.

2డీ గురించి. 2డీలో సోర్స్ అంటే అటూ ఇటూ అనంతంగా సాగే గీత. దాని ఫీల్డ్ దూరం వర్గమూలం చొప్పున తగ్గుతుంది, నిజంలో దూరం చొప్పున. బౌ-టై, డబ్బా అనేవి అక్కడ ఉండటానికే వీల్లేదు. స్లాబ్ జామెట్రీ సరిగ్గా పడిందో లేదో చూసుకోవడానికి ఒక నిమిషంలో నడిపే చిత్తు ప్రతి అనుకోండి, తోక ప్రశ్నకు మాత్రం అది జవాబివ్వదు.

యాంటెన్నాను నేలకు ఆనించకుండా ఎత్తులో పట్టుకునే సెటప్ అయితే ఇంత శ్రమ అక్కర్లేదు. లాంబో బృందం 2004లో చూపించిన పద్ధతిలో వెక్టర్ నెట్‌వర్క్ అనలైజర్‌తో (ఒక్కో ఫ్రీక్వెన్సీలో స్పందన కొలిచే పరికరం) కొలిచి, యాంటెన్నా మొత్తాన్ని కొన్ని ట్రాన్స్‌ఫర్ ఫంక్షన్లుగా (లోపలికి వెళ్లినదానికి, బయటికి వచ్చినదానికి సంబంధం) రాసేసి, లోపల ఏముందో పట్టించుకోకుండా పనిచేయొచ్చు. మీది నేలకు రాసుకుంటూ వెళ్లే యాంటెన్నా కాబట్టి ఆ సులువు దారి మీకు లేదు.

గాలి ట్రేస్ తీశాక, గెయిన్ లేని అసలు ఫైల్‌ను, మీ ఇన్‌పుట్ ఫైల్‌లోని సోర్స్ లైన్లను ఇక్కడే పెట్టండి. పరికరంలో ఏ ఫిల్టర్లు ఆన్‌లో ఉన్నాయో కూడా రాయండి, లేకపోతే నేను మొదట అడిగేది అదే.